బరంపురం నుంచి గ్వాంగ్‌జౌకి ఒంటరిగా: ఏది ముందే ముడివేసుకోవాలి, ఏది దారికి వదిలేయాలి

ఒడిశాలోని బరంపురం నుంచి దక్షిణ చైనాలోని గ్వాంగ్‌జౌ చేరడానికి ఇప్పుడు ఒక రాత్రి రైలు, ఒక రాత్రి విమానం చాలు. 2020లో ఆగిపోయిన భారత–చైనా నేరు విమానాలు 2025 అక్టోబరు 26న మళ్లీ మొదలైనప్పుడు, మొదట ఎగిరింది కోల్‌కతా నుంచి గ్వాంగ్‌జౌకే. హౌరా మనకు సుమారు 600 కిలోమీటర్లు. ఫలక్‌నుమా, కోరమండల్, హౌరా మెయిల్ మన స్టేషన్లో ఆగే బళ్లే. దూరం ఇంతగా తగ్గినా ఆంధ్ర సరిహద్దున ఉన్న గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తెలుగువాళ్లలో చైనా అనగానే వ్యాపారస్థుల బృందంతోనో, టూర్ కంపెనీతోనో తప్ప వెళ్లలేమన్న భయం ఇంకా పోలేదు. నేను తొమ్మిది రోజులు ఒంటరిగా వెళ్లి వచ్చాను. వెళ్లేటప్పుడు చేతిలో ఉన్నవి రానూపోనూ విమాన టికెట్టు, మొదటి మూడు రాత్రుల బస, అంతే. మిగిలిన ఆరు రోజులూ ఎక్కడ తిరగాలో, ఎక్కడ పడుకోవాలో అక్కడే తేల్చుకున్నాను. "ఒక్కదానివే ఎలా వెళ్లొచ్చావే?" అని మా పెద్దమ్మ మొదలు వీధిలో వాళ్లందరూ అడిగిన ప్రశ్నకు వివరంగా జవాబు రాయాలనిపించి ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి స్పష్టం చేయాలి. ముందస్తు కార్యక్రమం లేకుండా తిరగడం, సన్నాహం లేకుండా బయలుదేరడం ఒకటి కావు. చైనా వెళ్లాలంటే నాలుగు ముడులు ఇంటి దగ్గరే గట్టిగా పడాలి: వీసా, ఫోను, డబ్బు, మొదటి బస. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి వదులైనా అక్కడ తాపీగా తిరిగే స్వేచ్ఛ ఉండదు, రోజంతా దానిని సరిచేసుకోవడంతోనే గడిచిపోతుంది.

వీసా, పేరు

భారతీయ పాస్‌పోర్టుకు చైనా వీసా తప్పనిసరి. చైనా ఇటీవల చాలా దేశాల వారికి ప్రకటించిన 240 గంటల వీసా రహిత మజిలీ సౌకర్యం గురించి వార్తల్లో చదివి అది మనకూ వర్తిస్తుందని అనుకునేవారున్నారు. ఆ జాబితాలో భారతదేశం లేదు. మనం తీసుకోవలసింది పర్యాటక వీసా. ఒడిశా నివాసులు కోల్‌కతాలోని చైనా కాన్సులేట్ పరిధిలోకి వస్తారు. దరఖాస్తు ఆన్‌లైన్‌లో నింపాలి. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు, రెండు ఖాళీ పేజీలు, రానూపోను విమాన టికెట్లు, బస వివరాలు, బ్యాంకు స్టేట్‌మెంటు సిద్ధంగా ఉండాలి. బస వివరాలకు రద్దు చేసుకోగల గదులనే బుక్ చేయండి, ఎందుకంటే తరువాత దారి మార్చుకోవలసినది మీరే. ఉద్యోగ ధ్రువపత్రమో, వ్యాపార పత్రమో ఒడియాలో ఉంటే దానికి ఇంగ్లీషు అనువాదం జతచేయడం మేలు.

సరిహద్దు తెలుగువాళ్లకు అసలు చిక్కు పేరు దగ్గర వస్తుంది. బడి రికార్డులో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో ఒడియా ఉచ్చారణను బట్టి మరో స్పెల్లింగు పడుతుంది, బ్యాంకు కార్డు మీద ఇంటిపేరు చివరికి పోతుంది. చైనాలో విమాన టికెట్టు, రైలు టికెట్టు, హోటల్ నమోదు, చెల్లింపు యాప్, అన్నీ పాస్‌పోర్టులో ఉన్న పేరునే, అదే వరుసలో అడుగుతాయి. పాస్‌పోర్టులో పేరు సరిగా లేదని అనిపిస్తే భువనేశ్వర్ ప్రాంతీయ కార్యాలయం ద్వారా ముందు దానిని సరిచేయించుకుని, ఆ తరువాతే వీసా పని మొదలుపెట్టండి. నా కార్డు మీద ఇంటిపేరు పొడి అక్షరంగానే ఉన్నందువల్ల చెల్లింపు యాప్‌లో గుర్తింపు పరిశీలన రెండుసార్లు విఫలమైంది. బయలుదేరడానికి నెల ముందే ప్రయత్నించాను కాబట్టి కొత్త కార్డు తెప్పించుకోగలిగాను.

వీసా చేతికి వచ్చాక దాని మీద ఉన్న రెండు అంకెలను వేరువేరుగా చదవాలి. ఒకటి, ఏ తేదీలోపు చైనాలో ప్రవేశించాలన్నది. రెండోది, ప్రవేశించిన తరువాత ఎన్ని రోజులు ఉండవచ్చన్నది. ఎన్నిసార్లు ప్రవేశించవచ్చో కూడా అక్కడే ఉంటుంది. మనసుకు తోచినట్లు దారి మార్చుకునే ప్రయాణికులకు ఈ మూడో అంకె ప్రాణం వంటిది. గ్వాంగ్‌జౌ నుంచి హాంకాంగ్‌కు వేగ రైలులో గంట ప్రయాణమే. కాని హాంకాంగ్‌లో గాని, మకావులో గాని అడుగుపెట్టడమంటే వీసా లెక్కలో చైనా ప్రధాన భూభాగం నుంచి బయటికి పోవడమే. ఒకే ప్రవేశం ఉన్న వీసాతో అలా సరదాగా వెళ్లినవారు తిరిగి గ్వాంగ్‌జౌకి రాలేరు. సామాను హోటల్లో, తిరుగు విమానం గ్వాంగ్‌జౌలో ఉండిపోతాయి. పైగా హాంకాంగ్‌లో వీసా లేకుండా 14 రోజులు ఉండటానికి భారతీయులు ముందుగా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి. ఆ ఊరు కూడా చూడాలన్న కోరిక ఉంటే రెండు ప్రవేశాల వీసాకే దరఖాస్తు చేయండి.

ఫోను, డబ్బు

ఈ రెండింటినీ కలిపి చెప్పక తప్పదు, ఎందుకంటే చైనాలో డబ్బు ఫోనులోనే ఉంటుంది. మన బడబజార్‌లో కూరగాయల బండి మీద కూడా యూపీఐ పలక వేలాడుతున్నట్లే అక్కడ ప్రతి కొట్టులోనూ అలీపే, వీచాట్ అనే చెల్లింపు యాప్‌ల పలకలుంటాయి. యూపీఐ మాత్రం అక్కడ పనిచేయదు, రూపే కార్డు మీద ఆధారపడవద్దు. అలీపే, వీచాట్ రెండింటిలోనూ 2023 నుంచి విదేశీ బ్యాంకుల వీసా కార్డులను, మాస్టర్‌కార్డులను జతచేసుకోవచ్చు. 200 యువాన్ల లోపు చెల్లింపుకు రుసుము లేదు, అది దాటితే 3 శాతం పడుతుంది. అందుచేత భోజనాలకు, మెట్రోకి యాప్ వాడి, హోటల్ వంటి పెద్ద ఖర్చులకు నోట్లు గాని కార్డు గాని వాడటం లాభం. ఇంట్లో ఉండగానే రెండు యాప్‌లలోనూ పాస్‌పోర్టు వివరాలు ఇచ్చి, రెండు వేరువేరు బ్యాంకుల కార్డులను జతచేయండి. భారతీయ కార్డులలో అంతర్జాతీయ లావాదేవీలు మొదట మూసి ఉంటాయి. బ్యాంకు యాప్‌లోకి వెళ్లి తెరవాలి, పరిమితి కూడా పెంచుకోవాలి.

కార్డు తెరిచినంత మాత్రాన సరిపోదు. కొన్ని చెల్లింపులకు బ్యాంకు ఓటీపీ పంపుతుంది, అది మన ఇండియా నంబరుకే వస్తుంది. కాబట్టి మన సిమ్‌కు రోమింగ్ వేయించుకుని, దానిని ఫోనులోనే ఉంచాలి. మొదటి సాయంత్రం నా కార్డులలో ఒకటి, విదేశంలో అనుమానాస్పద వాడకమని తనంతట తానే ఆగిపోయింది. రెండో కార్డు, కొద్దిపాటి నోట్లు ఉండబట్టి ఆ రాత్రి భోజనానికి ఇబ్బంది కలగలేదు. వెయ్యి యువాన్లయినా నోట్లుగా, అందులో సగం 10, 20 యువాన్ల చిన్న నోట్లుగా దగ్గర ఉంచుకోండి. బరంపురంలో యువాన్లు దొరకడం కష్టం. కోల్‌కతాలో మార్చుకోవచ్చు, లేదా డాలర్లు తీసుకెళ్లి అక్కడి బ్యాంకులో పాస్‌పోర్టు చూపి మార్చుకోవచ్చు. అక్కడి కొట్లవాళ్లు నోట్లు తీసుకోవలసిందే, అయితే చిల్లర ఉండదు.

రోమింగ్ వల్ల ఇంకొక మేలు కూడా ఉంది. చైనా అంతర్జాలంలో గూగుల్, వాట్సాప్, యూట్యూబ్, ఫేస్‌బుక్ తెరుచుకోవు. హోటల్ వైఫైకి కలిపితే ఇంటికి మాట్లాడలేరు. మన సిమ్ రోమింగ్ డేటా, లేదా విదేశీ ఇ-సిమ్ డేటా ఆ దేశపు వడపోతను దాటి మన వైపు నుంచే నడుస్తుంది కాబట్టి వాట్సాప్ మామూలుగానే పనిచేస్తుంది. మూడు రోజులు మాట లేకపోతే పెద్దవాళ్లు ఎంత తల్లడిల్లుతారో తెలుసు కదా, ఈ ఒక్క కారణానికైనా రోమింగ్ ప్యాకు తీసుకోండి. దారి కోసం గూగుల్ మ్యాప్‌ను నమ్మవద్దు. చైనాలో పటాలకు వేరే అక్షాంశ రేఖాంశ పద్ధతి ఉండటం వల్ల గూగుల్ చూపే చోటు అసలు చోటికి కొన్ని వందల మీటర్లు పక్కకు జరిగి ఉండవచ్చు. అమాప్ అనే స్థానిక యాప్‌లో ఇంగ్లీషు ఉంది, అది సరిగ్గా ద్వారం దాకా తీసుకెళ్తుంది. డీడీ అనే సేవ ద్వారా టాక్సీని అలీపే లోపలి నుంచే పిలవవచ్చు. అనువాద యాప్‌లో చైనీసు భాషను ఆఫ్‌లైన్‌కు దించుకోవడం మరిచిపోవద్దు.

చేరడం, మొదటి బస

కోల్‌కతాలో రైలు దిగిన రోజే విమానం ఎక్కవలసి వస్తే మధ్యలో కనీసం ఎనిమిది గంటలు ఉంచుకోండి. హౌరా నుంచి దమ్‌దమ్ విమానాశ్రయానికి దూరం తక్కువే అయినా రైలు ఆలస్యాన్ని ఎవరూ చెప్పలేరు. చైనా ప్రవేశ పత్రాన్ని 2025 నవంబరు 20 నుంచి ఆన్‌లైన్‌లో ముందే నింపే వీలు కల్పించారు. సామానులో పాలు, నెయ్యి వంటి పాల పదార్థాలు, మాంసం, గుడ్లు, పచ్చి పండ్లు, కూరగాయలు, విత్తనాలు ఉండకూడదు. మన బరంపురం అప్పడాలు, ప్యాకెట్టులోని పులిహోర పొడి, అటుకులు నాకు ఆటంకం లేకుండా వచ్చాయి. మన గుండ్రటి ప్లగ్గులు అక్కడి చదును రంధ్రాలలో సరిగా కూర్చోవు కాబట్టి ఒక అడాప్టర్ పెట్టుకోండి. చైనా లోపలి విమానాలలో, ఆ దేశపు భద్రతా ధ్రువీకరణ అయిన 3సీ గుర్తు లేని పవర్‌బ్యాంకులను 2025 జూన్ 28 నుంచి నిషేధించారు. మన దగ్గర కొన్నవాటికి సాధారణంగా ఆ గుర్తు ఉండదు.

గ్వాంగ్‌జౌలో గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. విమానం తెల్లవారుజామున దిగితే తొందరపడి టాక్సీ ఎక్కకుండా, ముఖం కడుక్కుని, విమానాశ్రయంలోనే కూర్చుని, మెట్రో మొదలయ్యాక మూడో లైనులో ఊళ్లోకి వెళ్లండి. చీకట్లో కొత్త ఊరిలో దిగడం కంటే ఇది ఎంతో నయం.

మొదటి మూడు రాత్రుల బసను మాత్రం ఇంటి నుంచే, మెట్రో స్టేషన్‌కు నడిచే దూరంలో, విదేశీయులను తీసుకుంటామని స్పష్టంగా చెప్పిన చోట తీసుకోండి. చైనాలో విదేశీయులు బస చేసిన 24 గంటలలో పోలీసు నమోదు జరగాలి. హోటల్ అయితే వాళ్లే చేస్తారు. తెలిసినవాళ్ల ఇంట్లో ఉంటే మీరే ఆ ప్రాంతపు పోలీసు స్టేషన్‌కు వెళ్లి చేయించుకోవాలి. విదేశీయులను తిరస్కరించరాదని అధికారులు చెప్పినా, చిన్న హోటళ్లలో పాస్‌పోర్టు నమోదు చేయడం తెలియనివాళ్లు ఇంకా ఉన్నారు. నాలుగో రోజు నేను ముందుగా అడగకుండా వెళ్లిన ఒక చిన్న బసలో రిసెప్షన్ అమ్మాయి నా పాస్‌పోర్టును అటూ ఇటూ తిప్పి చూసి, చేతులు జోడించి పంపేసింది. ఆ తరువాత ప్రతి గదినీ బుక్ చేసే ముందు "భారతీయ పాస్‌పోర్టును నమోదు చేయగలరా?" అని చైనీసులో సందేశం పంపి, జవాబు వచ్చాకే డబ్బు కట్టాను.

వసంతంలో ఏప్రిల్ 15 నుంచి మే 5 వరకు, శరత్తులో అక్టోబరు 15 నుంచి నవంబరు 4 వరకు అక్కడ కాంటన్ ఫెయిర్ జరుగుతుంది. 1957 నుంచి సాగుతున్న ఈ వాణిజ్య ప్రదర్శన రోజుల్లో గదుల ధరలు బాగా పెరుగుతాయి, అప్పటికప్పుడు గది వెతుక్కునేవారికి అది గడ్డుకాలం. అక్టోబరు మొదటి వారం జాతీయ సెలవులు, జనవరి–ఫిబ్రవరిలో వచ్చే వసంతోత్సవం రోజులు కూడా వద్దు. ఠాకురాణి యాత్ర రోజుల్లో మన బరంపురం వీధులు ఎలా ఉంటాయో, ఆ వారాల్లో అక్కడి రైల్వే స్టేషన్లన్నీ అలా ఉంటాయి. జులై నుంచి సెప్టెంబరు దాకా తుఫానులు. 2013 అక్టోబరు 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్‌ను చూసినవాళ్లకు నేను ఎక్కువ చెప్పనక్కరలేదు: హెచ్చరిక వస్తే రైళ్లు ఆపేస్తారు, గదిలోనే ఉండాలి. నవంబరు మధ్య నుంచి డిసెంబరు చివరి వరకు మనవాళ్లకు అన్ని విధాలా అనుకూలం.

ఊళ్లో రోజు గడపడం

సరిహద్దులో పెరిగిన మనకు ఇక్కడ ఒక బలం ఉంది, దానిని నేను అక్కడికి వెళ్లాకే గుర్తించాను. మనం ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, రైలులో హిందీ మాట్లాడుతూ పెరిగాం. గంజాం 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండి ఒడిశాలో చేరినప్పటి నుంచీ మన పెద్దల బతుకు ఇలాగే సాగింది. గ్వాంగ్‌జౌవాసులదీ ఇదే స్థితి. ఇంట్లో వాళ్లది కాంటనీసు, బడిలో, కార్యాలయంలో మాండరిన్. సంతలో ముసలివాళ్లు మాట్లాడేది అనువాద యాప్‌కు సరిగా అందదు. అందుకు కంగారు పడకండి. మాండరిన్‌లో "నీ హావ్" అన్నప్పుడు మర్యాదగా తల ఊపినవాళ్లే, కాంటనీసులో "నే హో" అన్నప్పుడు, సాయం అందుకుని "ఎమ్ గోయ్" అన్నప్పుడు ముఖం విప్పార్చి నవ్వుతారు. ఒడియా కొట్టుకు వెళ్లి ఒడియాలో పలకరించినప్పుడు ఎదుటివారిలో వచ్చే ఆ మార్పు మనకు బాగా తెలిసినదే.

రోజును నడిపించడానికి నేను పాటించిన పద్ధతి చాలా సరళమైనది. పొద్దున్నే ఒక్క మెట్రో స్టేషన్‌ను ఎంచుకుంటాను, అక్కడ ఒక్క చోటు మాత్రం తప్పక చూస్తాను, మిగతా పూటంతా కాళ్లు ఎటు తీసుకెళ్తే అటు పోతాను. సాయంత్రం ఐదు గంటలకు ఎక్కడున్నా ఆగి, ఆ రాత్రి బస ఖాయమా, ఫోనులో సగం చార్జి ఉందా, వెనక్కి ఏ లైను ఎక్కాలి అన్నవి చూసుకుంటాను. బయలుదేరే ముందు హోటల్ చిరునామా చైనీసు అక్షరాలలో ఉన్న కార్డును జేబులో పెట్టుకుంటాను. ఫోను ఆగిపోయినా ఆ కార్డు టాక్సీవాడికి చూపితే చాలు. మెట్రోలో కనీస చార్జీ 2 యువాన్లు. యంత్రం నుంచి గుండ్రటి ప్లాస్టిక్ బిళ్ల వస్తుంది, లేదా అలీపేలో గ్వాంగ్‌జౌ ప్రయాణ కోడ్ తెరిచి చూపవచ్చు. ప్రతి స్టేషన్‌లోనూ సంచిని యంత్రంలో పెట్టి తనిఖీ చేస్తారు.

అలా ఒక పూట చెన్ వంశీయుల సభామందిరానికి వెళ్లాను. 1894లో పూర్తయిన ఆ కట్టడంలో ఇప్పుడు గ్వాంగ్‌దోంగ్ జానపద కళల ప్రదర్శనశాల ఉంది. పట్టు మీద చేసిన అక్కడి సూదిపనిని చూస్తూ, మా ఇంటి మగ్గాల మీద పట్టుచీర అంచులో లేచే గుడి శిఖరాల వరుసను తలుచుకుని చాలాసేపు నిలబడిపోయాను. ఆ ఉత్సాహంతోనే మరునాడు, ముందు అనుకోకపోయినా, హైజూ ప్రాంతంలోని జోంగ్‌దా బట్టల బజారుకు వెళ్లి రోజంతా గడిపాను. బట్టల వ్యాపారం ఉన్న మన కుటుంబాలవారికి ఆ బజారు ఒక్కటే ఈ ప్రయాణ ఖర్చుకు సరితూగుతుందని నా నమ్మకం. నది ఒడ్డున, పాత విదేశీ వర్తకుల భవనాలున్న షామియన్ లంకలో సాయంత్రం నడక బాగుంటుంది. బౌద్ధం మీద ఆసక్తి ఉంటే హ్వాలిన్ ఆలయం చూడండి. బోధిధర్ముడు భారతదేశం నుంచి సముద్రం మీద వచ్చి దిగింది అక్కడేనని స్థానికుల విశ్వాసం. ఇదే రేవులో 671లో ఓడ ఎక్కిన చైనా బౌద్ధ భిక్షువు ఇత్సింగ్ చివరికి తామ్రలిప్తికి చేరాడు. ఆ తామ్రలిప్తి, మన హౌరా రైలు దారికి దగ్గరలోనే ఉన్న నేటి తమ్లుక్.

శాకాహారులకు తిండి కష్టమే కాని అసాధ్యం కాదు. "వో చీ సూ" అంటే నేను శాకాహారిని, "బూ యావ్ రోవ్" అంటే మాంసం వద్దు. అయినా ఆకుకూరలో ఆల్చిప్పలతో చేసే ఆయిస్టర్ సాస్, వేపుడులో పంది కొవ్వు పడవచ్చు, కాబట్టి ఇవి కూడా వద్దని చైనీసులో రాసిన ఒక వాక్యాన్ని ఫోనులో పెట్టుకుని చూపండి. పొద్దున్న దొరికే తెల్లగంజి, దానితో నూనెలో వేయించిన పొడుగాటి పిండి కడ్డీలు మన కడుపుకు బాగా సరిపడతాయి. చద్దన్నం, పఖాళ తిని పెరిగినవారికి ఆ గంజి పరాయి తిండి అనిపించదు. బెయ్‌జింగ్ రోడ్డులోని దాఫో ఆలయం దగ్గర శాకాహార భోజనశాల ఉంది. కుళాయి నీరు తాగకూడదు, అయితే రైల్వే స్టేషన్లలో, రైళ్లలో మరిగిన నీరు ఉచితంగా దొరుకుతుంది. నా అటుకులు, పులిహోర పొడి అక్కడే అక్కరకు వచ్చాయి. వీధిలో చక్కని ఇంగ్లీషులో పలకరించి టీ దుకాణానికి పిలిచే అపరిచితుల వెంట మాత్రం పోవద్దు, చివర్లో బిల్లు చాలా పెద్దదిగా వస్తుంది.

ఊరు దాటాలనిపిస్తే

రైలు టికెట్లు 12306 అనే అధికారిక యాప్‌లో ఇంగ్లీషులోనే కొనవచ్చు, సాధారణంగా 15 రోజుల ముందు నుంచి అమ్ముతారు. పాస్‌పోర్టే టికెట్టు. ఆటోమేటిక్ గేట్లు పాస్‌పోర్టును చదవకపోతే పక్కన మనిషి ఉన్న దారిలో వెళ్లాలి, అందుకే ముప్పావు గంట ముందే చేరండి. రైలు కదలడానికి కొద్ది నిమిషాల ముందే గేటు మూసేస్తారు. ఒకే ఊరికి నాలుగైదు స్టేషన్లు ఉంటాయి. పేరు చివర నాన్ ఉంటే దక్షిణం, దోంగ్ ఉంటే తూర్పు. గ్వాంగ్‌జౌ నాన్ బదులు గ్వాంగ్‌జౌ స్టేషన్‌కు చేరితే ఆ రైలు దక్కదు. తొలిసారి వెళ్లేవారికి నా సలహా ఫోషాన్. మెట్రోలోనే వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు, సామాను మోయనక్కరలేదు. ఇంకా సమయం ఉంటే వేగ రైలులో సుమారు మూడు గంటల దూరంలో ఉన్న గ్విలిన్ కొండలు చూడండి.

ఆపద వస్తే పోలీసుకు 110, అంబులెన్సుకు 120, నివాసం, వీసా సందేహాలకు ఇంగ్లీషులో కూడా జవాబిచ్చే 12367 నంబర్లను కాగితం మీద రాసి ఉంచుకోండి. గ్వాంగ్‌జౌలో భారత కాన్సులేట్ ఉంది, దాని చిరునామాను కూడా చైనీసులో రాయించుకోండి. రోజూ వేసుకునే మందులుంటే డాక్టర్ చీటీతో సహా తీసుకెళ్లండి.

తిరుగు విమానం తెల్లవారకముందే ఉంటే ఆ వేళకు మెట్రో నడవదు కాబట్టి ముందు రాత్రి చివరి మెట్రోలోనే విమానాశ్రయానికి చేరాలి. మిగిలిన యువాన్లను అక్కడే మార్చేసుకోండి. హౌరా నుంచి బరంపురానికి రైలు టికెట్టు బయలుదేరడానికి ముందే కొనుక్కోవాలి, కాని విమానం కోల్‌కతాలో దిగే పూటకు కాకుండా ఆ రాత్రి బండికి తీసుకోండి.